ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్సు ఎంత తిరిగి రావాలి?

వేసవిలో బదిలీలు, పిల్లల చదువుల వల్ల ఇళ్ళు మారినవారి నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నిటిలోనూ గొడవ ఒక్కటే, అడ్వాన్సులో ఓనరు పట్టుకున్న డబ్బు. చట్టం సంగతులు సివిల్ న్యాయవాది, గోడలూ మోటార్ల సంగతులు భవన నిర్మాణ ఇంజనీరు చూసి జవాబులు రాశారు.

ప్రశ్న: భీమవరంలో ఒక ఇంటి కింది వాటాలో మూడేళ్ళు అద్దెకున్నాం. అద్దె 9 వేలు, అడ్వాన్సు 27 వేలు. ఖాళీ చేశాక ఓనరుగారు 6 వేలు చేతిలో పెట్టారు. ఇల్లంతా రంగులకు 15 వేలు, బెడ్‌రూంలో పెచ్చులూడిన గోడకు 4 వేలు, శుభ్రం చేయించినందుకు 2 వేలు పట్టుకున్నానన్నారు. హాల్లో ఒక గోడ మీద మా బాబు స్కెచ్ పెన్నుతో గీసిన మాట నిజమే. మిగతావి మావల్ల జరిగినవి కావు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: అడ్వాన్సు మీ సొమ్ము. ఓనరు దగ్గర హామీగా ఉంటుంది, అంతే. అందులోంచి పట్టుకోవాలంటే ఏం పాడైంది, ఎవరివల్ల పాడైంది, బాగుచేయడానికి ఎంతైంది అనేవి చూపాల్సింది పట్టుకున్నవారే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవారు ఇంటిని తాము చేరినప్పటి స్థితిలో అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలనూ, మనిషి ఆపలేని విపత్తు వల్ల వచ్చిన నష్టాన్నీ ఆ సెక్షనే మినహాయించింది. మీ లెక్కలో ఒక్కో పద్దునూ ఈ గీటురాయి మీద చూద్దాం.

రంగులు. మూడేళ్ళకు గోడ వెలవడం, ఫ్యాను చుట్టూ దుమ్ము చారలు, మంచం తల ఆనే చోట నూనె మరక, క్యాలెండరు తగిలించిన మేకు కన్నం, ఇవన్నీ అరుగుదలే. కొత్తవాళ్ళకు ఇల్లు కళగా కనబడాలని రంగులు వేయిస్తే ఆ ఖర్చు ఓనరుదే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు ఓనరు బాధ్యతల్లోనే చేర్చింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. అయినా మాట్లాడుకునేటప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

ఒక చిక్కుంది. మీ అగ్రిమెంటు బయటకు తీసి చదవండి. ‘ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె మినహాయించబడును’ అన్న వాక్యం చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. దానికింద మీ సంతకం ఉంటే ఆ 9 వేల కోసం పోట్లాడటం కష్టం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ముందే రాసుకున్న మొత్తమైనా సమంజసమైన నష్టపరిహారాన్ని మించి ఇప్పించరు. కానీ దాన్ని జరిమానాగా కాక రంగులకు మీరు ఒప్పుకున్న ధరగా చూస్తే ఆ వాదన నిలబడకపోవచ్చు. అప్పుడైనా కోత 9 వేల దగ్గర ఆగాలి, 15 వేలకు పోకూడదు. అలాంటి వాక్యమే లేకపోతే రంగుల పద్దు మొత్తం కొట్టేయమనండి.

స్కెచ్ పెన్ను గీసిన గోడ మాత్రం మీ లెక్కలోకే వస్తుంది. దాని మీద ఎమల్షన్ రంగు తిన్నగా వేస్తే సిరా మళ్ళీ పైకి తేలుతుంది కాబట్టి ముందు ప్రైమరు, అంటే రంగు కింద వేసే పూత, పట్టించాలి. ఆ ఖర్చు అడగడం న్యాయమే. గోడ 12 అడుగులు × 10 అడుగులు అనుకుంటే 120 చదరపు అడుగులు. మీ ఊరి పెయింటరు ప్రైమరుతో కలిపి అడుగుకు 20 రూపాయలు చెబితే 2,400 అవుతుంది. అదంతా మీరివ్వక్కర్లేదు. ఇంటి లోపలి రంగుకు అయిదేళ్ళ ఆయుష్షు వేసుకుంటే మూడేళ్ళు వాడకంలో పోయాయి. మిగిలిన రెండేళ్ళ విలువే మీరు పాడుచేసింది. అంటే 2,400లో అయిదింట రెండు వంతులు, 960 రూపాయలు.

పెచ్చులూడిన గోడ. డెల్టాలో కింది వాటాల్లో తరచూ జరిగే అన్యాయం ఇదే. ఇక్కడ భూగర్భజలం బాగా పైన ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల వల్ల అందులో ఉప్పు కూడా ఎక్కువ. పునాదికీ గోడకూ మధ్య చెమ్మను ఆపే పొర వేయని ఇళ్ళలో ఇటుక దీపం వత్తిలా నీటిని పైకి లాగుతుంది. గోడ ముఖం మీద నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గట్టిపడి ఉబ్బినప్పుడు రంగునూ పుట్టీనీ బయటకు తోస్తుంది. మొదట రంగు పొక్కులు కడుతుంది, తర్వాత తెల్లటి పొడి రాలుతుంది, చివరికి ప్లాస్టరు పెచ్చులుగా ఊడుతుంది. ఇది సాధారణంగా నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే ఉంటుంది. పై అంచు గోడ పొడవునా అల గీసినట్టు కనబడుతుంది. అద్దెకున్నవాళ్ళు నీళ్ళు పోసి పాడుచేస్తే మచ్చ ఒకచోటే ఉంటుంది. కుళాయి పైపు కారితే మచ్చ పైపు దారినే పోతుంది.

‘మీరు కిటికీలు మూసుకుని కూర్చోబట్టే చెమ్మొచ్చింది’ అని ఓనరు అంటే చేసి చూపించడానికి తేలికైన పరీక్ష ఉంది. గోడ మీద పొడిగా ఉన్న చోట చదరపు అడుగు పాలిథిన్ కాగితం పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అతికించండి. రెండు రోజులయ్యాక విప్పండి. గోడవైపు చెమ్మ పడితే అది గోడ లోపలి నుంచి వచ్చింది. గదివైపు పడితే గది గాలిలోది. ఇల్లు ఖాళీ చేసేశారు కాబట్టి పరీక్షకు ఓనరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు పక్క వాటా గోడ చూడండి, బయటివైపు నుంచి అదే ఎత్తులో ఫొటో తీయండి. ఇంకో మాట, ఆ 4 వేలతో మళ్ళీ పుట్టీ రాయిస్తే ఏడాది తిరక్కుండా ఊడుతుంది. గోడలో చెమ్మ అడ్డుకట్ట వేయించాల్సిన పని అది, ఇంటి నిర్మాణానికి సంబంధించినది. మీకు సంబంధం లేదు.

శుభ్రం. ఊడ్చి, తుడిచి, చెత్త తీసి ఇచ్చి ఉంటే 2 వేలు అన్యాయం. బాత్రూం టైల్సు మీద ఉప్పునీటి తెల్లపొర గట్టిగా పేరుకుని ఉంటే మాత్రం యాసిడ్ కడుగుడుకు ఒక 500 ఒప్పుకోవడం మంచిది. నెలకోసారి కడిగితే పోయేదే అది.

అగ్రిమెంటులో రంగుల వాక్యం లేదనుకుంటే న్యాయమైన కోత 960, 500 కలిపి సుమారు 1,500. మీకు రావాల్సింది 25,500. 6 వేలు ముట్టాయి కాబట్టి ఇంకా 19,500 అడగండి. ‘అంతా ఇవ్వండి’ అని కాకుండా ఇలా పద్దు పద్దుగా రాసి అడిగితే ఎదుటివారికి కాదనడం కష్టమవుతుంది.

ప్రశ్న: అగ్రిమెంటు రాసుకోలేదు. అడ్వాన్సు 30 వేలలో 20 వేలు ఫోన్‌పేలో, 10 వేలు చేతికి ఇచ్చాను. ఏప్రిల్ 30న తాళాలిచ్చేశాను. ‘కొత్తవాళ్ళు వచ్చాక వాళ్ళ అడ్వాన్సులోంచి ఇస్తాను’ అంటున్నారు. ఇప్పుడు గీజరు పోయిందనీ, అదీ పట్టుకుంటాననీ కొత్త మాట. కోర్టుకెళ్ళేంత పెద్ద మొత్తం కాదు, వదిలేసుకునేంత చిన్నదీ కాదు.
– ఒక ప్రైవేటు ఉద్యోగి, అమలాపురం

జవాబు: కొత్తవాళ్ళు దొరకడం, దొరక్కపోవడం ఓనరు వ్యాపారం. దానికీ మీ డబ్బుకూ ముడి పెట్టే హక్కు ఆయనకు లేదు. నెలనెలా అద్దెకుండటానికి నోటిమాట ఒప్పందం, ఇల్లు స్వాధీనం చేయడం చాలు. కాగితం లేదని మీ బాకీ పోదు. నిరూపించడమే కాస్త పని.

20 వేలకు ఫోన్‌పే స్క్రీన్‌షాట్ కన్నా బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంటు గట్టిది. చేతికిచ్చిన 10 వేలకు ఆయన నోటే ఒప్పుకోలు రావాలి. పోట్లాటకు దిగకముందే వాట్సాప్‌లో మర్యాదగా ఇలా రాయండి: ‘నమస్కారమండి. మీ పై వాటా ఏప్రిల్ 30న ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్సు 30 వేలు, అంటే ఫోన్‌పేలో 20 వేలు, నగదు 10 వేలు, ఇంకా నాకు అందలేదు. గీజరుకు ఎంత పట్టుకుంటున్నారో బిల్లు పంపితే చూస్తాను. మిగతాది ఎప్పుడిస్తారో చెప్పండి.’ దానికి ‘ఇస్తానన్నాను కదండీ, కంగారెందుకు’ అని ఆయన జవాబిస్తే మీ పని సగం అయినట్టే. 30 వేలన్న అంకెను ఆయన కాదనలేదు. ఆ సంభాషణ చెరిపేయకండి, ఆ ఫోను అమ్మేయకండి. కోర్టులో పెట్టాల్సి వస్తే సాక్ష్యాల కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అది వకీలు చూసుకుంటారు.

గీజరు సంగతి. కోనసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. కాయిల్ మీద పొర కట్టి, వేడి బయటకు పోక, కాయిల్ కాలిపోతుంది. అది వాడకంలో వచ్చే అరుగుదల. కాయిల్ మార్చిన బిల్లు చూపిస్తే సగం పంచుకోవడానికి ఒప్పుకోవచ్చు. కొత్త గీజరు ధర అడిగితే ఒప్పుకోకండి.

వారంలో తేలకపోతే నోటీసు పంపండి. మొదటిసారికి వకీలు అవసరం లేదు, తెల్లకాగితం మీద మీరే రాయొచ్చు. ఇంటి చిరునామా, ఉన్న కాలం, ఇచ్చిన అడ్వాన్సు, తాళాలిచ్చిన తేదీ, మీరు ఒప్పుకునే కోత, రావాల్సిన మొత్తం, 15 రోజుల గడువు. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. తిట్లూ బెదిరింపులూ మీకే ఎదురు తిరుగుతాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి రసీదు దాచండి. ఆయన తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా అలాగే ఉంచండి. విప్పితే దాని విలువ పోతుంది.

ఆ తర్వాత కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్ళి ప్రీ లిటిగేషన్ దరఖాస్తు ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించే పద్ధతి ఇది. కోర్టు ఫీజు లేదు. వాళ్ళు ఓనరుకు నోటీసు పంపుతారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇలాంటి మొత్తాలకు ఇంతకన్నా మంచి దారి లేదని మా అభిప్రాయం. ఎదుటివారు రాకపోతే, వచ్చినా ఒప్పుకోకపోతే బలవంతం చేసే అధికారం మాత్రం లోక్ అదాలత్‌కు లేదు. అప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

దావాకు గడువు మూడేళ్ళు. ‘ఇస్తాను, ఇస్తాను’ అన్న నోటిమాటతో ఆ గడువు పెరగదు. గడువు లోపల ఆయన సంతకంతో బాకీ ఒప్పుకుంటే అక్కడి నుంచి లెక్క మళ్ళీ మొదలవుతుంది.

ప్రశ్న: డబ్బు ఇవ్వడం లేదని పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: ఇది సివిల్ తగాదా, స్టేషనులో డబ్బు ఇప్పించరు. సామాను బయటకు తీయనివ్వకుండా తాళం వేసినా, చేయిచేసుకున్నా, బెదిరించినా అప్పుడు వెళ్ళండి.

ప్రశ్న: కొత్తపేట దగ్గర రేకుల ఇంట్లో అద్దెకుంటున్నాం. దొడ్లో ఓనరు కొబ్బరిచెట్లు ఆరున్నాయి. గాలివానకు కాయలు పడి వసారా మీద రెండు రేకులు పగిలాయి. ఖాళీ చేస్తామనగానే రేకుల డబ్బు పట్టుకుంటామన్నారు.
– ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: చెట్టు వారిది, కాయ వారిది, దింపు తీయించాల్సింది, అంటే కాయలు కోయించాల్సింది, వారు. కాయలు ముదిరి, మట్టలు ఎండి వేలాడుతుంటే గాలికి పడక ఏం చేస్తాయి? దింపు డబ్బు ఇన్నాళ్ళూ ఓనరు జేబులోకే వెళ్ళిందా, మీరు కాయలు వాడుకున్నారా అన్నది మాత్రం అడుగుతారు. అద్దెతో పాటు చెట్లు కూడా మీకే వదిలేసి ఉంటే, దింపించే బాధ్యత మీ మీదికి రావచ్చు. లేకపోతే ఆ రేకులకు ఒక్క రూపాయీ ఇవ్వకండి. ఇక నుంచి ఎండుమట్ట వేలాడటం చూస్తే ఫొటో తీసి ‘దింపించండి’ అని ఓనరుకు మెసేజ్ పెట్టండి.

ప్రశ్న: పాలకొల్లులో నాలుగు వాటాల ఇంట్లో ఒక వాటాలో ఉన్నాం. నీళ్ళ మోటారు కాలిపోతే బాగుచేయించిన 5 వేలూ మా అడ్వాన్సులోనే పట్టుకున్నారు, ఆ రోజు స్విచ్ వేసింది మేమేనని. కరెంటు బిల్లులో ‘ఏసీడీ’ అని వచ్చిన 1,800 కూడా మేమే కట్టాం. అది తిరిగి రాదా?
– ఒక చిరు వ్యాపారి, పాలకొల్లు

జవాబు: నలుగురు వాడే మోటారు చివరగా స్విచ్ వేసినవారి నెత్తిన పడదు. రివైండింగు షాపులో కారణం తెలుస్తుంది. నీళ్ళు లేకుండా తిరిగితే ముందు పంపు సీలు కాలుతుంది, తర్వాతే కాయిల్. సీలు బాగుండి కాయిల్ ఒక్కటే అంతా ఒకేలా నల్లబడితే తక్కువ వోల్టేజీనో, బిగుసుకున్న బేరింగో కారణమై ఉంటుంది. అది ఎవరి తప్పూ కాదు. మీరు వేసి మరిచిపోయి, ట్యాంకు పొర్లి, సంపులో నీళ్ళు అయిపోయి కాలిందని ఓనరు చూపగలిగితే తప్ప ఆ ఖర్చు ఓనరుదే. ఏమీ తేలకపోతే నాలుగు వాటాలకూ పంచి 1,250 దగ్గర రాజీపడొచ్చు.

ఏసీడీ అంటే అదనపు వాడకం డిపాజిట్. వాడకం పెరిగినప్పుడు కరెంటు కంపెనీ సర్వీసు మీద అదనంగా జమ చేయించుకునే హామీ డబ్బు, బిల్లు కాదు. సర్వీసు ఓనరు పేర ఉంది కాబట్టి ఆ జమ ఓనరుదే అయింది, మీరు వెళ్ళాక కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి 1,800 మీకు ఇవ్వాల్సిందే. చాలామంది అద్దెదారులు ఈ పద్దును గమనించకుండా వదిలేస్తారు. ఆ నెల బిల్లూ, కట్టిన రసీదూ చూపించి అడగండి. ట్రూ అప్ చార్జీల సంగతి వేరు. మీరున్న నెలల యూనిట్ల మీద తర్వాత వచ్చే చార్జీ అది. మీ కాలానికి సంబంధించినంత వరకు ఓనరు అడిగితే ఇవ్వడం న్యాయం.

ప్రశ్న: నేను ఓనరును. అందరూ మమ్మల్నే తప్పు పడతారు. తణుకులో మా ఇంట్లో ఉన్నవాళ్ళు ఏసీ కోసం గోడకు కన్నం పెట్టారు, వాష్ బేసిన్ పగలగొట్టారు, పది రోజుల ముందు మాత్రమే చెప్పి వెళ్ళిపోయారు. 24 వేల అడ్వాన్సులో ఎంత పట్టుకోవచ్చు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తణుకు

జవాబు: మీకు హక్కుంది, పద్ధతిగా చేస్తే ఎవరూ కాదనలేరు. పగిలిన బేసిన్ అరుగుదల కాదు. అదే రకం బేసిన్ ధర, ప్లంబరు కూలి పట్టుకోండి. పాతది పదేళ్ళదైతే కొత్తదాని పూర్తి ధర కాదు, వాడిన కాలానికి తగ్గించండి. ఖరీదైన రకం పెట్టించుకుంటే పై తేడా మీదే. ఏసీ కన్నానికి సిమెంటు పూడ్పు, ఆ మేర రంగు. మీరు అనుమతిచ్చి ఉంటే, కొత్తవాళ్ళకూ ఆ కన్నం పనికొస్తుంటే ఆ పద్దు వదిలేయడమే మర్యాద.

నోటీసు విషయంలో, అగ్రిమెంటులో నెల రోజులని ఉంటే దాని ప్రకారం. ఏమీ లేకపోతే నెలవారీ అద్దెకు చట్టం అడిగేది 15 రోజుల నోటీసు. పది రోజుల ముందు చెప్పారు కాబట్టి తక్కువైంది అయిదు రోజులే. రెండు నెలల అద్దె పట్టుకుంటే కోర్టులో నిలబడదు. ఇల్లు మర్నాడే వేరేవాళ్ళకు ఇచ్చేస్తే ఆ అయిదు రోజులకూ అడగకండి.

పద్ధతి అంటే, వాళ్ళు ఉండగానే గది గదీ కలిసి తిరిగి చూసి, పాడైనవి రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టడం. వాళ్ళు వెళ్ళిపోయారు కాబట్టి ఇప్పుడు ఫొటోలు తీసి, పని చేయించి, బిల్లులు జతచేసి, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసేయండి. లెక్క తెమలలేదని మొత్తం ఆపడమే ఓనర్లు ఎక్కువగా చేసే పొరపాటు. గొడవ లేని మొత్తం వెంటనే ఇచ్చేస్తే, గొడవ ఉన్న దానిమీద మీ మాటకు విలువుంటుంది.

ప్రశ్న: లంక గ్రామంలో అద్దెకున్నాం. గోదావరి వరదకు ఇంట్లో మూడడుగుల నీళ్ళొచ్చి, ఓనరు చేయించిన ప్లైవుడ్ కబోర్డులు ఉబ్బిపోయాయి. ‘మీరు చూసుకోవాల్సింది’ అంటున్నారు.
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: పైన చెప్పిన 108వ సెక్షన్‌లోని విపత్తు మినహాయింపు సరిగ్గా ఇలాంటిదే. గోడకు బిగించిన కబోర్డును మీరు ఎత్తి పైన పెట్టలేరు కదా. నీటి గీత కనబడే ఫొటో, గ్రామ అధికారులు నష్టం రాసుకున్న కాగితం ఉంటే చాలు. విడిగా ఉన్న పరుపు, ఫ్యాను, మిక్సీ లాంటి ఓనరు సామాను, హెచ్చరిక వచ్చాక కూడా నేల మీదే వదిలేసి ఉంటే దానికి మాత్రం మాట పడాల్సి రావచ్చు.

ప్రశ్న: వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. ఆఖరి రెండు నెలల అద్దె ఇవ్వకుండా ‘అడ్వాన్సులో సర్దుకోండి’ అంటే పోదా?
– ఒక ఉపాధ్యాయురాలు, రామచంద్రపురం

జవాబు: చాలామంది చేసేదే, ఓనరు ఒప్పుకుంటే హాయి. ఆ ఒప్పుకోలు వాట్సాప్‌లో ఒక్క ముక్కయినా ఉండాలి. ఒప్పుకోకుండా మీరే ఆపేస్తే అద్దె బాకీ పెట్టినవారవుతారు. అడ్వాన్సు తగాదాలో న్యాయం మీవైపు ఉన్నా ఆ బాకీయే ముందుకొస్తుంది. డబ్బు వచ్చేదాకా తాళాలు ఇవ్వననడమూ అంతే. తాళాలు మీ దగ్గరున్నన్ని రోజులూ అద్దె లెక్క నడుస్తుంది. తాళాలు ఇచ్చేటప్పుడు కరెంటు మీటరు రీడింగు, గదుల వీడియో, తాళాలు అందుకున్నట్టు ఓనరు సంతకమో మెసేజో, ఈ మూడూ అదే రోజు తీసుకోండి. వీడియోలో కుళాయిలు తిప్పి, ఫ్లష్ నొక్కి, ఫ్యాన్లూ లైట్లూ వేసి చూపించండి. ఖాళీ గోడల వీడియో ఒక్కటే ఉంటే గీజరు గురించి అది ఏమీ చెప్పదు.